స్విచ్‌బోర్డు వెనక పిడుదులు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుంటున్నాం. మూడేళ్ల లాబ్రడార్ ఉంది, బరువు 28 కిలోలు. ఎండలు ముదిరినప్పటి నుంచి దాని ఒళ్లంతా గోమార్లే (పిడుదులే). వారం వారం గోమార్ల షాంపూతో స్నానం చేయిస్తున్నాను. మెడ మీద పోసే చుక్కల మందు కూడా ఒకసారి వేశాను. షాపులో 10–20 కిలోల ట్యూబే ఉందంటే అదే తెచ్చాం. రెండ్రోజులు బాగుంటుంది, మూడో రోజు మళ్లీ మామూలే. ఇప్పుడు గోడల మీద, స్విచ్‌బోర్డు వెనక కూడా పాకుతున్నాయి. మా బావగారు మిర్చి తోటకు కొట్టే మందు కాస్త నీళ్లలో కలిపి కుక్కకు పూసేయమంటున్నారు. మా అత్తయ్యేమో నాలుగేళ్ల పిల్లాడున్న ఇంట్లో అసలు కుక్కే వద్దంటున్నారు. ఇల్లు మారితే పీడ వదులుతుందా అని కూడా ఆలోచిస్తున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మిర్చి మందు సంగతి. ఆ సీసా మూత తీయకండి. పురుగుమందుల కొట్లు వరసగా ఉండే ఊళ్లో ఈ సలహా ఇచ్చేవాళ్లకు కొదవ ఉండదు. మీ బావగారు చెప్పిందీ మంచి మనసుతోనే. కానీ పొలానికి కొట్టే మందులో పురుగును చంపే రసాయనంతో పాటు, అది నీళ్లలో కలవడానికీ ఆకుకు అంటుకోవడానికీ వేసిన ద్రావకాలు ఉంటాయి. అవి చర్మాన్ని మండిస్తాయి, విషాన్ని ఒంట్లోకి దింపుతాయి. మిగిలింది కుక్క నాకి మింగుతుంది. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ జాతి మందైతే గంటల్లోనే నోటి వెంట చొంగ, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. కంటిపాప సూదిమొనంత అయిపోతుంది, కండరాలు అదురుతాయి, ఊపిరి ఆడదు. ఎవరైనా ఇప్పటికే పూసి ఉంటే చేతికి గ్లౌజులు తొడుక్కుని, గిన్నెలు తోమే లిక్విడ్‌తో గోరువెచ్చని నీళ్లు పోసి కడిగేయండి. వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. సీసా కూడా వెంట పట్టుకెళ్లండి, ఏ మందో తెలిస్తేనే విరుగుడు సరిగ్గా పడుతుంది.

పొగాకు కషాయం, కిరసనాయిలు, కర్పూరం కలిపిన కొబ్బరినూనె, వెల్లుల్లి ముద్ద కూడా ఇదే కోవలోకి వస్తాయి. నికోటిన్, కర్పూరం, వెల్లుల్లి కుక్కకు విషాలే. వేపాకు, పసుపు ముద్ద హాని చేయదు గానీ, చర్మంలో ముట్టె దించేసిన పిడుదును అది ఊడదీయలేదు. ఇక పెద్దవాళ్లు ‘గమాక్సిన్ పౌడరు’ తెమ్మంటారు. అసలు గమాక్సిన్, అంటే బీహెచ్‌సీ అనే పురుగుమందు, మన దేశంలో 1997లోనే నిషేధమైంది. ఇప్పుడు ఆ పేరు చెప్పి అడిగితే చేతిలో పెట్టేది ఏ పొడో అమ్మేవాడికే తెలియాలి.

మీరు గోమార్లు అంటున్న పిడుదులు స్నానం చేయించిన మూడో రోజుకే తిరిగి ఎలా వస్తున్నాయన్నది అర్థమైతే సగం పని అయినట్టే. మన ఇళ్లలో కుక్కలను పట్టేది ఎక్కువగా గోధుమరంగు కుక్క పిడుదు. మిగతా పిడుదులు గడ్డిలో, తుప్పల్లో పెరిగితే ఇది సిమెంటు ఇంట్లోనే హాయిగా కాపురం పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్లు, ఆవగింజ కంటే చిన్నది. కుక్క మీదికెక్కి 3 నుంచి 7 రోజులు రక్తం తాగి, కిందికి రాలి, గోడ పగుల్లోకి దూరి, సుమారు రెండు వారాల్లో ఎనిమిది కాళ్ల పురుగుగా మారుతుంది. మళ్లీ కుక్కనెక్కి 5 నుంచి 10 రోజులు తాగి, మళ్లీ రాలి, ఇంకో రెండు వారాలకు పెద్దదవుతుంది. అది మూడోసారి కుక్కనెక్కుతుంది. ఆడది వారం రోజులు తాగి ఆముదం గింజంత బూడిదరంగు ఉండలా ఉబ్బి రాలిపోతుంది. ఈ పోలిక మనదొక్కటే కాదు, ఆముదం మొక్క శాస్త్రీయ నామంలోని ‘రిసినస్’ అనే లాటిన్ మాటకు అర్థం పిడుదనే. రాలిన ఆడది ఏ స్విచ్‌బోర్డు వెనకో, తలుపు చట్రం సందులోనో చేరి 5,000 దాకా గుడ్లు పెట్టి చనిపోతుంది. 2 నుంచి 5 వారాల్లో అవి పొదుగుతాయి.

ఈ లెక్కన ఒక పిడుదు మూడుసార్లు కుక్కనెక్కుతుంది, మూడుసార్లూ దిగిపోతుంది. జీవితంలో ఎక్కువ కాలం ఉండేది గోడలోనే. మీరు షాంపూతో కడిగింది ఆ రోజు కుక్క మీదున్న వాటిని మాత్రమే. షాంపూ కడిగేశాక ఒంటి మీద మందేమీ మిగలదు. రాత్రికి గోడ దిగే కొత్త బ్యాచ్‌కు అడ్డేముంది? పైగా ఈ పురుగుకు పైకి పాకే గుణం ఉంది. అందుకే అందరూ నేల తుడుస్తుంటే అది స్విచ్‌బోర్డు, కర్టెన్ రాడ్డు, సీలింగ్ మూలల్లో కూర్చుంటుంది. పెద్ద పిడుదు తిండి లేకుండా 18 నెలల వరకు కాచుకోగలదు. నెలరోజులు కుక్కను బంధువుల ఇంట్లో వదిలి ఖాళీ ఇల్లు తాళం వేసినా లాభం లేనిది ఇందుకే.

చుక్కల మందు దగ్గర మూడు పొరపాట్లు జరిగాయి. ఫిప్రోనిల్ చుక్కలు 20 నుంచి 40 కిలోల కుక్కకు 2.68 మి.లీ. ఉండాలి. మీరు వేసిన 10–20 కిలోల ట్యూబులో 1.34 మి.లీ. మాత్రమే ఉంటుంది, అంటే సరిగ్గా సగం. రెండోది, ఈ మందు చర్మం మీది జిడ్డుతో కలిసి ఒళ్లంతా పాకుతుంది. అందుకే వేయడానికి ముందు 48 గంటలు, వేశాక 48 గంటలు స్నానం కూడదు. షాంపూ ఆ జిడ్డును వారం వారం లాగేస్తుంటే మందు దేన్ని పట్టుకుని ఉండాలి? మూడోది, లాబ్రడార్‌కు బొచ్చు దట్టం. మెడ వెనక, రెండు భుజాల ఎముకల మధ్య (నోరు అందని చోట) బొచ్చును వేళ్లతో రెండు పాయలుగా విడదీసి, తెల్లని చర్మం కనిపించాక ట్యూబు మొన చర్మానికి ఆనించి పిండాలి. బొచ్చు మీద పోస్తే అది అక్కడే జిగటగా ఎండిపోతుంది.

మీ కుక్క ఉన్న పరిస్థితికి మాత్రం చుక్కల కంటే నమిలే మాత్ర మేలని మా అభిప్రాయం. ఫ్లూరలానర్ (బ్రావెక్టో) ఒక్క మాత్ర 12 వారాలు పనిచేస్తుంది. అఫాక్సోలానర్ (నెక్స్‌గార్డ్), సరోలానర్ (సింపారికా) నెలకొకటి. 28 కిలోలకు బ్రావెక్టోలోనూ సింపారికాలోనూ 20–40 కిలోల మాత్ర, నెక్స్‌గార్డ్‌లో 25–50 కిలోల మాత్ర. తూకం ఉజ్జాయింపుగా చెప్పకండి: కుక్కను ఎత్తుకుని వెయింగ్ మెషిన్ ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, తేడా లెక్క కట్టండి. పెద్ద మాత్ర కొని రెండు చిన్న కుక్కలకు విరిచి పెట్టడం కూడా చూస్తుంటాం, అలా చేయకూడదు. మాత్ర అన్నం తిన్న వెంటనే, లేదా అన్నంతో కలిపి పెట్టండి. స్నానం చేయించినా దానికి ఇబ్బంది లేదు, అది రక్తంలో ఉంటుంది. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన కుక్కకు ఈ మూడింటిలో ఏదీ డాక్టరుకు చెప్పకుండా పెట్టకూడదు.

ఇక్కడే చాలామంది బెంబేలెత్తుతారు. మాత్ర వేసిన వారానికి చెవిలో మళ్లీ పిడుదు కనిపిస్తుంది, ‘ఇంత డబ్బు పోసినా పనిచేయలేదు’ అని ఇంకో మందు తెస్తారు. ఈ మాత్ర పిడుదును దగ్గరికి రానీయకుండా ఆపేది కాదు. పిడుదు కరిచి రక్తం తాగితేనే మందు దాని ఒంట్లోకి వెళ్తుంది, 24 నుంచి 48 గంటల్లో చస్తుంది. అంటే మీ గోడల్లో దాక్కున్నవి ఒక్కొక్కటే దిగి, కుక్కనెక్కి, కరిచి, గుడ్లు పెట్టకుండానే చావాలి. కుక్కే మీ వల అన్నమాట. అందుకని దాన్ని వేరే ఇంటికి పంపకండి, ఇంట్లోనే తిరగనివ్వండి. మొదటి నెలలో కనిపిస్తూనే ఉంటాయి. రెండో నెలకు ఉబ్బినవి కనిపించకూడదు. మూడు నెలలు నాగా లేకుండా మందు సాగాలి. కనిపించట్లేదని రెండో నెలలో ఆపేస్తే గోడలో మిగిలిన ఒక్క ఆడది చాలు.

ఖర్చు భారమైతే ఫిప్రోనిల్ 0.25 శాతం స్ప్రే ఉంది, కిలోకు 3 నుంచి 6 మి.లీ. లెక్క. మీ కుక్కకు తక్కువలో తక్కువ 84 మి.లీ. అవుతుంది, అంటే 100 మి.లీ. సీసా దాదాపు ఖాళీ. నాలుగు పిచికారీలు కొట్టి సీసా దాచుకుంటే పనిచేయదు. బొచ్చుకు ఎదురుగా చేత్తో రుద్దుతూ కొట్టాలి. ఇంకా చౌకలో అమిట్రాజ్ 12.5 శాతం ఉంది: లీటరు నీటికి 2 మి.లీ., అప్పటికప్పుడు కలిపింది, ఒంటికి పట్టించి కడగకుండా నీడలో ఆరనివ్వాలి, ఆరేవరకు నాకనివ్వకూడదు. అది వేశాక కుక్క కొన్ని గంటలు మత్తుగా ఉండొచ్చు. షుగర్ ఉన్న కుక్కకు, చూలు కుక్కకు, కుక్కపిల్లలకు వద్దు. ఏదో ఒకటే వాడండి, రెండు మూడు కలపకండి. పిడుదులకని ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ అడిగి మరీ చేయించుకునేవాళ్లున్నారు. గజ్జికి అది మంచి మందే, పిడుదులకు మాత్రం నమ్ముకోదగ్గది కాదు.

మాత్ర వేసిన రోజు నుంచే రోజూ సాయంత్రం పది నిమిషాలు కుక్కను వెతకండి. చెవి లోపలి మడతలు, కాలివేళ్ల సందులు, చంకలు, గజ్జలు, తోక కింద, కనురెప్పల అంచులు, బెల్టు తీసి దాని కింద. వేళ్ల సందులు చాలామంది వదిలేస్తారు, అక్కడే గుత్తిగా ఉంటాయి. కనుబొమలకు వాడే సన్నమూతి ట్వీజర్ చాలు. ఉబ్బిన పొట్టను కాదు, చర్మానికి ఆనుకున్న తలను పట్టుకుని మెలితిప్పకుండా నిలువుగా, నిదానంగా లాగండి. రెండు మూడు సెకన్లు బిగువుగా లాగితే వదిలేస్తుంది. పొట్ట నొక్కినా, అగ్గిపుల్ల ఆనించినా, కిరసనాయిలు చుక్క వేసినా అది లోపలున్న ఉమ్మిని, దాంతోపాటు రోగక్రిములను కుక్కలోకే కక్కవచ్చు. ముట్టె విరిగి లోపల ఉండిపోతే పిన్నీసుతో కెలకకండి, చర్మమే కొన్నాళ్లకు దాన్ని బయటికి తోసేస్తుంది. పీకినదాన్ని గోటితో చిదమడం, చెప్పుతో రాయడం ఇంటింటా అలవాటు. దాని రక్తం చేతి మీది గీతలకు తగలకూడదు. మూతున్న సీసాలో కాస్త సర్జికల్ స్పిరిట్ పోసి అందులో వేస్తూ పోండి. సీసా మీద వారం తేదీ రాసిపెట్టండి. వారానికెన్ని పడుతున్నాయో చూస్తే మందు పనిచేస్తోందో లేదో మీకే తెలిసిపోతుంది.

ఇక ఇల్లు. మాత్ర ఒక్కటే వేసినా చివరికి తగ్గుతాయి గానీ చాలా ఆలస్యమవుతుంది, ఈలోపు కుక్క ఎన్నో కాట్లు తినాలి. ముందు కుక్క పడుకునే గోనెపట్టా, పాత దుప్పటి బయట పారేయండి లేదా మరిగే నీళ్లలో నానబెట్టండి. గోనె నేతలో గుడ్లు దాక్కుంటే కంటికి కనపడవు. ఇకపై పాత బెడ్‌షీటు వేయండి, వారానికోసారి వేడినీళ్లలో ఉతికి మండుటెండలో ఆరేయండి. ఎండ విషయంలో మన ఊళ్లకు లోటేముంది.

తర్వాత మందు కొట్టాలి. పొలం మందు వద్దన్నాం కదా, దీనికీ వద్దు. పశువుల మందుల షాపులో డెల్టామెత్రిన్ గానీ సైపర్‌మెత్రిన్ గానీ షెడ్లకు, గోడలకు కొట్టేది అడగండి. సీసా మీద గోడలకు అని రాసిన మోతాదులోనే కలపండి. మొక్కలకు వాడే రెండు లీటర్ల చేతిపంపు స్ప్రేయరు సరిపోతుంది. కలిపిన ద్రావణం లీటరు సుమారు 25 చదరపు మీటర్లకు వస్తుంది. గది గాల్లోకి మంచులా చిమ్మితే వృథా. నాజిల్ బిగించి సన్నధారగా స్కర్టింగ్ టైల్స్ పైఅంచు, తలుపు చట్రాల సందులు, కిటికీ గ్రిల్లు మేకులు, మంచం కోళ్ల అతుకులు, గోడ పగుళ్లు, గోడకూ సీలింగుకూ మధ్య మూల తడిసేలా పట్టండి. స్విచ్‌బోర్డులో మాత్రం నీటి మందు పోయకండి. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో ప్లేటు విప్పించి, లోపలున్నవి పొడి బ్రష్షుతో దులిపించి, ప్లేటు చుట్టూ సందును వైట్ సిమెంటుతో మూయించండి. ఒకసారి కొడితే గుడ్లు చావవు, అందుకే 15వ రోజు, 30వ రోజు మళ్లీ కొట్టాలి, ఆ తర్వాత కనిపిస్తున్నంత కాలం నెలకోసారి.

కొట్టేటప్పుడు బాబును, కుక్కను బయటికి పంపి, పూర్తిగా ఆరాక రానివ్వండి. ఇంట్లో చేపల తొట్టి ఉంటే ముందు బయటికి పంపాల్సింది దాన్నే. ఈ మందులకు చేపలు నిమిషాల మీద చస్తాయి. పిల్లులకు కూడా ఇవి విషమే. మీ ఇంటికొచ్చే పక్కింటి పిల్లి ఉంటే తడి ఆరేవరకు రానివ్వకండి. ఇంకో సంగతి: పిడుదులని గోడలకు సున్నం కొట్టించడం మనకు అలవాటు. పగుళ్లు మూసుకుంటాయి కాబట్టి మంచిదే. కానీ సున్నపు గోడ మీద ఈ మందులు త్వరగా విరిగిపోతాయి. సున్నం వేయించాలనుకుంటే ముందే వేయించి, మందును చెక్క, ఇనుము, టైల్స్ సందుల మీద ఎక్కువ పట్టించండి. మందు కొట్టిన మర్నాడు సున్నం వేస్తే రెండు ఖర్చులూ దండగ.

గేటు దగ్గర వీధికుక్కలు పడుకుంటుంటే వాటి నుంచి రాలినవి మీ మెట్ల సందుల్లోకే వస్తాయి. ఆ చోటు రోజూ ఊడ్చి, మందు కొట్టిన రోజున మెట్ల పగుళ్లకు, గేటు కింది గాడికి కూడా పట్టండి. నీళ్లు తాగే తొట్టి మీద పడనివ్వకండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. మీ ఉత్తరంలో కుక్క ఎలా ఉందో రాయలేదు, ఒంటి మీద ఏమున్నాయో మాత్రమే రాశారు. ఈ పిడుదు ఎర్లీకియా, బబీసియా అనే జబ్బులు అంటిస్తుంది. ఇవాళే థర్మామీటరు పెట్టి చూడండి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు. 103 దాటినా, అన్నం ముందు పెడితే ముఖం తిప్పుకున్నా, చిగుళ్లు పాలిపోయినా, పొట్ట చర్మం మీద ఎర్రని చుక్కలు లేచినా, ముక్కు నుంచి రక్తం కారినా, మూత్రం కాఫీ డికాషన్ రంగులో పోసినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. లాబ్రడార్లలో కొన్నింటికి చిగుళ్లు నల్లగా ఉంటాయి, అలాగైతే కిందికనురెప్ప లాగి లోపలి ఎరుపు చూడండి. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్ల లెక్క, స్లైడ్ మీద రక్తపు చుక్క రెండూ చేయించండి. విజయవాడ వైపు వెళ్లగలిగితే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

జ్వరమని ఇంట్లో ఉన్న పారాసెటమాల్, బ్రూఫెన్, డైక్లోఫెనాక్ వేయొద్దు. ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కకు నొప్పి బిళ్ల వేస్తే కడుపులో రక్తం కారడం మొదలవుతుంది. ఎర్లీకియా అని తేలితే సాధారణంగా డాక్సీసైక్లిన్ 28 రోజులు రాస్తారు. మూడో రోజుకే కుక్క లేచి తోక ఊపుతుంది, ఇక చాలనుకుని ఆపేస్తారు. క్రిమి లోపల దాగి, నెలల తర్వాత ఈసారి మజ్జను పట్టుకుంటుంది. ఈ బిళ్లను పెరుగన్నంలో కలిపి పెట్టకండి, పాలూ పెరుగూ దాన్ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. మామూలు అన్నంలో చికెన్ ముక్కతో పెట్టి, వెనకాలే నీళ్లు తాగించండి. బిళ్ల గొంతులో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. బబీసియాలో ఇంజెక్షన్‌కు లొంగే రకం, లొంగని రకం వేర్వేరు. ఏదో తెలియకుండా ఒకరి చీటీ చూసి ఇంకొకరు మందు కొనడం ఇక్కడ పనికిరాదు.

అత్తయ్యగారి భయం కొట్టిపారేసేది కాదు. ఈ పిడుదుకు కుక్క రక్తమే ఇష్టం, కానీ ఇంట్లో వందల్లో పెరిగితే మనుషులనూ కరుస్తుంది, మచ్చల జ్వరం అంటించగలదు. బాబును మూడు నెలలు కుక్క పక్కన నేల మీద పడుకోనివ్వకండి. స్నానం చేయించేటప్పుడు చెవుల వెనక, జుట్టులో, చంకల్లో చూడండి. అంటుకుని ఉంటే పైన చెప్పిన పద్ధతిలోనే లాగి సబ్బుతో కడగండి. తర్వాత రెండు వారాల్లో జ్వరం, ఒంటి మీద మచ్చలు వస్తే పిల్లల డాక్టరుకు పిడుదు కుట్టిన సంగతి తప్పక చెప్పండి. పేపర్లో చదివే స్క్రబ్ టైఫస్ వేరు, అది కుక్క పిడుదుతో రాదు. తుప్పల్లో ఉండే నల్లి జాతి (మంచంలో ఉండే నల్లి కాదు, మైట్) పురుగు పిల్లలు కుడితే వస్తుంది. ఆవిడకు ఇంకో మాట కూడా చెప్పండి: కుక్కను ఇప్పుడు పంపించేస్తే గోడల్లోని పిడుదులకు ఇంట్లో మిగిలేది మనుషులే.

ఇల్లు మారే విషయానికొస్తే, ఇప్పుడు మారకండి. మంచం కోళ్లలో, సోఫా అడుగున, బీరువా వెనక అట్టలో ఎక్కి అవి కూడా మీతోపాటే కొత్తింటికి వస్తాయి. స్పిరిట్ సీసాలో వరసగా నాలుగు వారాలు ఒక్కటీ పడలేదంటే అప్పుడు ఆలోచించండి. అప్పుడు కూడా పాత కుక్కగూడు, దాని పరుపు తీసుకెళ్లకండి. వదిలేసి వెళ్లేది వేరే అద్దెవాళ్లకు దొరక్కుండా కాల్పించి వెళ్లండి.